ధనుర్మాసంలో క్రాస్‌బిల్స్

నేతిలో మిరియాలు చిటపటలాడుతుంటే అలివేలుమంగ గబుక్కున వంటింటి తలుపు మూసింది. మొగుడు చలపతి లేచాడంటే, పూజలో పెట్టే ప్రసాదం ఇంట్లో ఎందుకు వండుతున్నావని అడుగుతాడు. ధనుర్మాసం వచ్చిన దగ్గర్నుంచి ప్రతి ఆదివారమూ ఇదే తంతు. చీకటితో లేచి పొంగలి చేయడం, డబ్బా కారు సీటు కింద దాచడం, ఇంగ్లండులో రీడింగ్ అనే ఊళ్లో తెలుగువాళ్లు హాలు తీసుకుని చేసే తిరుప్పావై పూజకని చెప్పి బేసింగ్‌స్టోక్ దాటి పైన్ అడవికి పోవడం. తిరిగొచ్చి అదే పొంగలి పెడితే ఆయన కళ్లకద్దుకుని తింటాడు. దేవుడి పేరుతో అబద్ధమాడుతున్నందుకు ఆమెకు గుండె దడే. అయినా ఆ ఇంట్లో దేవుడి పేరు చెప్తే తప్ప ఆడమనిషికి తనకంటూ ఒక పూట దొరకదు మరి.

పోయినేడు ఆఫీసులో వాళ్లతో సరదాగా నడకకు వెళ్లొస్తే, "ఇంట్లో నడిచేది చాల్లేదా?" అని నవ్వాడు. ఆ తర్వాత నెలంతా కారు తాళాలు తన జేబులోనే పెట్టుకున్నాడు. అరవలేదు, చెయ్యెత్తలేదు. "నీ మంచికే" అన్నాడు. అత్త ఆండాళమ్మ ఫోన్లో, "వానికి నువ్వంటే ప్రాణం, అందుకే" అంది. ఆ ప్రాణం గుమ్మంలో నిలబడితే కోడలికి చెమటలు పడతాయని ఆవిడకు ఎవరు చెప్పాలి?

ఆ ఉదయం అడవిలో సులోచన ఆంటీ బూటు మడమతో నీటిగుంట మీది మంచు పగలగొట్టింది. డాక్టరు క్లినిక్‌లో నర్సుగా చేసి రిటైరైన ఆంటీయే ఆమెకు ఈ పక్షుల పిచ్చి అంటించింది.

"పైన్ గింజలు తిని తిని వాటికి దాహమేస్తుంది. ఇక్కడికే దిగుతాయి. కదలకు" అంది గుసగుసగా.

అప్పుడే ఫోన్లో చలపతి మెసేజి వచ్చింది. "అమ్మకు వీడియోలో పూజ చూపిద్దామని పక్కింటి రఘు కార్లో హాలుకు వచ్చినా. నువ్వు లేవే?"

అలివేలుమంగ దాన్ని రెండుసార్లు చదివింది. టైరు పంక్చరైందని చెప్పాలా? ఆంటీకి ఒంట్లో బాలేదని చెప్పాలా? అబద్ధాలు ఎంత తయారుగా ఉన్నాయో చూసుకుంటే తన మీద తనకే అసహ్యమేసింది. నలభై ఏళ్ల మనిషి, బడి ఎగ్గొట్టిన పిల్లలా సాకులు వెతుకుతోంది.

కొమ్మల్లోంచి జిప్ జిప్‌మని నాలుగైదు క్రాస్‌బిల్ పక్షులు దిగాయి. ముందున్న మగది ఇటుకరంగులో ఉంది. ముక్కు కొసలు కత్తెరలా ఒకదాన్నొకటి దాటుకున్నాయి. ఆ వంకర ముక్కుతోనే అది పక్కకు ఒరిగి తాపీగా నీళ్లు తాగింది. అరచేతిలో ఫోన్ అదిరిపోతూనే ఉంది. ఆమె ఎత్తలేదు. పక్షులన్నీ తాగి లేచిపోయేదాకా భయంతోనే, కళ్లారా చూసింది. అప్పుడు ఎత్తింది.

"యాడుండావ్?"

"అడవిలో ఉండా. పక్షుల్ని చూస్తాండా."

 చలపతి అతి మెల్లగా, "ఎవర్నడిగి పోయినావ్?" అన్నాడు.

ఆ మెల్లని గొంతుకే ఆమె పదహారేళ్లుగా భయపడుతోంది. ఇప్పుడూ భయపడింది. మాట వణికింది కూడా.

"ఎవర్నీ అడగల్యా. వచ్చే ఆదివారం గూడా అడగను."