బీఏ థర్డ్, ఎంఏ ఫస్ట్

ప్రేమమణికి బీఏలో థర్డ్ క్లాసు, ఎంఏలో ఫస్ట్ క్లాసు. రిచర్డ్‌ది సరిగ్గా తలకిందులు. 1950 జూన్‌లో సికింద్రాబాదు కార్ఖానా పేటలోని మిషన్ బడికి హెడ్మాస్టరు కావలసి వచ్చింది. పాతాయన రజాకార్ల గొడవల్లో బెజవాడ వెళ్లాడు. పోలీసు యాక్షన్ అయి రెండేళ్లు కావస్తున్నా ఆయనకు తిరుగుదారి గుర్తుకు రాలేదు. అందుకని కమిటీ ఈ ఇద్దరి దరఖాస్తులూ ముందు పెట్టుకుని ఒక పూటంతా బుర్రకు పని చెప్పింది.

"బీఏ పునాది, ఎంఏ మేడ," అన్నారు అధ్యక్షుడు జీవరాజు గారు. "మేడ కూలినా పునాది మిగులుతుంది." రిచర్డ్ ఆయన మేనల్లుడు. ఆ పునాది ఎంత గట్టిదో ఆయనకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

పునాదిలో ఎవరూ కాపురం ఉండరు కదా అన్న మాట ఎదురుగా కూర్చున్న ప్రేమమణి నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది. హెడ్మాస్టరుకు బడి ఆవరణలోనే రెండు గదుల క్వార్టరు ఇస్తారు. ఆమెకు కావలసింది ఆ గదులే. పద్మారావు నగర్ ఇంట్లో భర్త ఆర్థర్ మందుసీసాలు అలమరలో అలాగే ఉన్నాయి. పారేయలేకపోయింది. చూస్తూ బతకనూ లేకపోతోంది.

"థర్డ్ క్లాసు మనిషికి రెండేళ్లలో ఫస్టు ఎలా వచ్చిందమ్మా? ఎంఏ అంత తేలికా?" అని అడిగారు జీవరాజు గారు.

"బీఏ రాసినప్పుడు ఇంట్లో జబ్బు మనిషి ఉన్నారండీ. ఎంఏ చదివినప్పుడు ఎవరూ లేరు."

సైన్యం సికింద్రాబాదులోకి వచ్చిన రోజున ఊరంతా దండలు పట్టుకుని రోడ్డెక్కింది. ఆ రోజే పోయిన ఆర్థర్ శవపెట్టె మోయడానికి నలుగురు దొరకడమే గగనమైంది. ఆ నలుగురిలో పాస్టరు లూకా అయ్యగారొక్కరే ఇప్పుడు ఈ గదిలో ఉన్నారు. ఆయన తల వంచుకున్నారు. కార్యదర్శి మాత్రం మినిట్సు పుస్తకంలో, "చదువుకు తగిన తీరిక లభించినది" అని రాసుకున్నాడు.

చివరికి ఒకటీ మూడూ కలిపి రెండుతో భాగించారు. ఇద్దరికీ సెకండ్ క్లాసు వచ్చింది. ఇంత చదువుకున్న కమిటీకి ఇక బైబిల్లో అపొస్తలుల్లాగా చీట్లు వేయడమే మిగిలింది. అయ్యగారు తన టోపీలోంచి ఒక చీటీ తీశారు. ప్రేమమణి.

"ప్రార్థన చేయకుండా తీశాం. చెల్లదు," అన్నారు జీవరాజు గారు.

ఆయనే ప్రార్థన చేశారు. రిచర్డ్ గుణగణాలు దేవుడికి వివరంగా తెలియజేశారు. మళ్లీ చీటీ. మళ్లీ ప్రేమమణి.

"మూడుసార్లు తీయడం మన ఆచారం కదా!"

ఆ ఆచారం ఆ నిమిషంలోనే పుట్టింది. టీ కప్పులు ఎత్తుతున్న ఆయా రోసమ్మ ఆగిపోయింది.

"ఏందయ్యా గిది? రిచర్డ్ సారు పేరు వచ్చేదాంక తీస్తనే ఉంటరా? దేవుణ్ని సుత గిట్ల పరేషాన్ చేస్తే ఎట్ల? జెర ఇడిసిపెట్టుండ్రి!"

అయ్యగారికి నవ్వొచ్చింది. దగ్గుగా మార్చబోయారు, కుదరలేదు. మిగిలిన చీటీతో సహా టోపీ తలకు పెట్టేసుకున్నారు.

"ఇక టోపీ లేదండీ, జీవరాజు గారూ."

జీవరాజు గారు కలం అందుకుని, "బీఏలో ఫస్ట్ క్లాసు గలవారు దొరికే వరకు తాత్కాలికంగా" అని తన చేత్తోనే తీర్మానం రాశారు. క్వార్టరు తాళంచెవి బల్ల మీద పెట్టారు.

"తాత్కాలికమేనమ్మా. తొందరేం లేదు. వచ్చే నెలలో ఇల్లు మారొచ్చు."

"ఒక్క జట్కా సామానేనండీ," అంది ప్రేమమణి, తాళంచెవి అందుకుంటూ. "సాయంత్రానికల్లా వచ్చేస్తాను."