స్పార్నె గట్టున ఖాళీ చోటు

"ఫొటోల సంగతి నేను చూసుకుంటా, నువ్వు గారెల సంగతి చూసుకో," అన్నాడు భీమశంకరం వంటింటి గుమ్మంలో నిలబడి. అని ఊరుకున్నాడా, పళ్ళెంలోంచి వేడి గారె ఒకటి అందుకుని, ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుంటూ హాల్లోకి పోయాడు. హాల్లో కొత్త టీవీ ఉంది. అది ఎంత టీవీ అంటే, దాన్ని గోడకి బిగించిన రోజున ఆ బరువుకి గోడ అవతలున్న గరాజ్ జానెడు దూరం జరిగిందని ఆయనే అందరికీ చెప్పుకున్నాడు.

వసుమతి ప్లాస్టిక్ కాగితం మీద పిండి తట్టి, మధ్యలో చిల్లు పెట్టి, నూనెలోకి జార్చింది. సాయంత్రం డాక్టర్ యోగానంద్ గారు, ఆయన భార్య శశికళ గారు వస్తున్నారు, హాలెండ్ ఫొటోలు చూడటానికి. చికాగో పక్కనున్న ఈ షామ్‌బర్గ్ తెలుగువాళ్ళలో అదొక ఆచారం. ఎక్కడికైనా వెళ్ళి ఊరికే తిరిగొస్తే సరిపోదు. నలుగురిని పిలిచి, వండిపెట్టి, ఫొటోలు చూపించి, "అబ్బ, ఎంత బాగుందండీ" అనిపించుకుంటేనే ఆ ప్రయాణం పూర్తయినట్టు. చూపించేది మగవాడు, వండేది ఆడది. ఆ నియమం ఎవరూ ఎక్కడా రాయలేదు గానీ, తప్పినవాళ్ళూ లేరు.

భీమశంకరం ఫొటోలకి ఇంకో నియమం ఉంది. మనిషి లేనిది ఫొటో కాదు, క్యాలెండరు. "మనం వెళ్ళామని రుజువేదీ?" అంటాడు. ఆయన ఆల్బమ్‌లో నయాగరా జలపాతం ఆయన భుజాల మీంచి రెండు తెల్ల పిలకల్లా వేలాడుతూ ఉంటుంది. లిబర్టీ విగ్రహం ఆయన నెత్తిన మొలిచిన కొమ్ము. గ్రాండ్ కాన్యన్ అయితే, పాపం, ఆయన వెనకాల ఎక్కడ పడిపోయిందో ఈనాటికీ దొరకలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ వసుమతి పని స్టాండూ లెన్సుల సంచీ మొయ్యడం, ఆయన టైమర్ నొక్కి పరిగెత్తుకొచ్చేలోపల చోటు కాపలా కాయడం, ఆయన రాగానే ఆ చోటు ఆయనకి వదిలి పక్కకి జరగడం. "కొంచెం పక్కకి. ఇంకొంచెం. నవ్వు. మరీ అంత నవ్వకు." అత్తగారు ఇండియాలో ఆ ఫొటోలు చూసి, "మావాడు ఎక్కడికెళ్ళినా దొరబాబే, పక్కన నువ్వు కూడా బాగానే ఉన్నావులే," అంటారు. పక్కన. నువ్వు కూడా.

అయితే ఈ ఏడు జూన్‌లో ఒక విడ్డూరం జరిగింది. ఇండియా నుంచి తిరిగొస్తూ, ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న హార్లెమ్ అనే ఊళ్ళో దిగారు. దిగిన సాయంత్రమే భీమశంకరం బజార్లో బండి దగ్గర పచ్చిచేప తిన్నాడు. ఉడికించరు, వేయించరు, తోక పట్టుకుని ఉల్లిపాయ ముక్కలతో నోట్లోకి వదలడమే. "పులస తిని పెరిగిన కడుపే ఇది, దీని ముందు ఈ చేపెంత?" అని రెండు తిన్నాడు. అమెరికా చేరేసరికి ఆ రెండూ ఎనిమిదయ్యాయి, బండివాడు టోపీ తీసి దణ్ణం పెట్టాడు కూడా. ఏ లెక్క నిజమైనా మర్నాడంతా ఆయన హోటల్ మంచానికీ బాత్‌రూమ్‌కీ మధ్యే ప్రయాణం చేశాడు. కూతురు ఉజ్వల చెవుల్లో పాటలు పెట్టుకుని ముసుగుతన్ని పడుకుంది.

"టీ ఏమైనా తెప్పించనా?" అంది వసుమతి.

"వద్దు, తిండి మాటెత్తకు. కాసేపు బయటికి పో నువ్వు."

బయటికి పో! ఆ మాట పెళ్ళయిన ఇన్నేళ్ళలో కోపంలో విన్నదే గానీ ఇంత మంచి అర్థంలో ఎప్పుడూ వినలేదు. బల్ల మీద కెమెరా ఉంది. మెళ్ళో వేసుకుని, ఆయన మనసు మారకముందే మెట్లు దిగింది.

ఊరి నడుమ స్పార్నె అని ఒక నది. నదంటే నదీ కాదు, కాలవంటే కాలవా కాదు. ఇళ్ళ గడపల దాకా వచ్చి మర్యాదగా ఆగిన నీళ్ళు. గట్టు పొడుగునా వందల ఏళ్ళనాటి ఇటుక ఇళ్ళు, ముసలివాళ్ళు ఒకరిమీద ఒకరు ఒరిగి కబుర్లు చెప్పుకుంటున్నట్టు. ప్రతి ఇంటి నెత్తినా ఒక దూలం, దానికో కొక్కెం. ఒకప్పుడు పడవల్లోంచి బస్తాలు తాడు కట్టి పైకి లాక్కునేవారట. ఒక మూల బూడిదరంగు రాతి కట్టడం. పడవల్లో వచ్చిన సరుకంతా అక్కడే తూచేవారని దాని మీది పలక చెప్పింది. అవతల తెల్ల చెక్కవంతెన. పెద్ద పడవ వస్తే గంట కొట్టి, మధ్యకి విడిపోయి, చేతులెత్తినట్టు పైకి లేస్తుంది. మలుపులో గాలిమర.

మొదటి ఫొటో తీసేటప్పుడు అలవాటుగా ఆగింది, ఎవరో వచ్చి ముందు నిలబడాలిగా అన్నట్టు. ఎవరూ రాలేదు. వంతెన వంతెనలాగే ఉంది, పూర్తిగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా. వసుమతి కెమెరా కంటికెత్తుకుంది. ఒక ఫొటో తీసింది. మోకాలి మీద కూర్చుని ఇంకొకటి తీసింది. వీధిలో ఆడది అలా కూర్చోవచ్చా అని ఒక్క క్షణం అనిపించింది, అనిపించి ఊరుకుంది. గాలిమర దాకా నడిచింది, వెనక్కొచ్చింది, ఒకే కిటికీని మబ్బు పట్టినప్పుడొకసారి, ఎండ కాసినప్పుడొకసారి తీసింది.

అప్పుడు కనిపించింది ఆమె. తూకాల కట్టడం కింద ఎడమ పక్కన ఒక పాత పడవ కట్టేసి ఉంది, మనుషులు కాపురముండే పడవ. దాని కప్పు మీద తన వయసు ఆడమనిషి ఒకతె కూర్చుని ఉంది. పుస్తకం లేదు. ఫోను లేదు. కూరగాయలు తరగడం లేదు, బట్టలు మడతపెట్టడం లేదు, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు కూడా లేదు. కాళ్ళు జాపుకుని, చేతులు పక్కన పడేసుకుని కూర్చుంది, అంతే. ఆడది అలా కూర్చోవడం వసుమతి తన జన్మలో చూడలేదు. జ్వరం వచ్చినప్పుడు పడుకోవడం చూసింది, పోయినప్పుడు పడుకోబెట్టడం చూసింది. ఒంట్లో బాగుండి, మెలకువగా ఉండి, ఊరికే కూర్చోవడం! కెమెరా ఎత్తింది. పైన అంత పెద్ద రాతిమేడ, కింద ఎడమ మూల చింతగింజంత ఆమె.

షామ్‌బర్గ్ వచ్చిన దగ్గర్నుంచీ వసుమతికి కాలు ఒకచోట నిలవడం లేదు. పప్పులో ఉప్పు మరిచిపోతోంది. తను పనిచేసే డేకేర్‌లో ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రుల కోసం రోజూ ఆగిపోయేది తనే. "నీకు ఓపిక ఎక్కువ వసూ," అంటుంది మేనేజరు, ఆ ఓపికకి జీతం ఉండదు. అక్కడా కిటికీ దగ్గరికి వెళ్ళడం, వెనక్కి రావడం, మళ్ళీ వెళ్ళడం. "ఫొటోలొకసారి చూపించరూ?" అని అడిగితే భీమశంకరం "ఆగు, ఎడిట్ చేస్తున్నా, నీకే సర్‌ప్రైజ్," అన్నాడు. సరే, ఈ రాక్షసి టీవీ మీద ఇవాళ చూడొచ్చు, ఆ చింతగింజ మనిషిని మనిషంత చేసి చూడొచ్చు. ఆ ఆశతోనే అరవై గారెలు వేసింది.

అతిథులు వచ్చారు. యోగానంద్ గారు సోఫాలో సర్దుకున్నారు. శశికళ గారు అలవాటుగా వంటింట్లోకి వచ్చి, "నేనేం చెయ్యను?" అంటూ అడక్కుండానే చట్నీ గిన్నె అందుకుంది. భర్త క్లినిక్ ముందుగదిలో పాతికేళ్ళు ఫోన్లెత్తిన మనిషి ఆవిడ. అక్కడ అందరికీ జీతాలుండేవి. ఆవిడకి మాత్రం "మన క్లినికే కదా" అన్న మాట ఉండేది.

వసుమతి పళ్ళెంతో హాల్లోకి వచ్చేసరికి తెల్ల వంతెన తెర మీద ఉంది. వంతెన ముందు భీమశంకరం ఉన్నాడు.

కళ్ళు నులుముకుంది. ఉన్నాడు. బొద్దుగా, నీలం చలికోటుతో, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ. తర్వాత గాలిమర. దాని ముందూ ఆయనే. అదే కోటు, అదే నవ్వు.

"అన్నయ్యగారూ, జూన్‌లో అంత చలా అక్కడ?" అంది శశికళ.

"నీళ్ళ గాలి అమ్మా, ఎముకలు కొరికేస్తుంది."

"కోటు ఒకటే అనుకోండి, నవ్వు కూడా ఒకటే తీసుకెళ్ళారా?" అన్నారు యోగానంద్ గారు.

ఉజ్వల ఫోన్లోంచి తలెత్తింది. "నాన్నా, యూ ఆర్ ఫ్లోటింగ్! అన్నిటికీ షాడో ఉంది, నీకు లేదు."

గదంతా ఘొల్లుమంది. భీమశంకరం సిగ్గుపడతాడనుకుంటే పొరపాటు, విరగబడి నవ్వాడు. "కనిపెట్టేశావే! నయాగరా ఫొటోలోంచి నన్ను నేను కత్తిరించి అతికించానండీ. ఆ రోజు నాకు ఒంట్లో బాలేదు, మా ఆవిడ ఒక్కతే వెళ్ళింది. పాపం, అన్నీ ఖాళీ ఫొటోలు తెచ్చింది. ఒక్కదాంట్లో మనిషి లేడు! పోనీలే, తీసిన కష్టం వృథా కాకూడదని నేను నిలబడ్డా."

"మరి వసుమతిని పెట్టలేదేం?" అంది శశికళ.

"పెడదామనే చూశానమ్మా. కత్తిరించడానికి ఆవిడది నిండు ఫొటో ఒక్కటీ లేదు. అన్నిట్లోనూ సగం నా వెనకాలే ఉంది."

మళ్ళీ నవ్వులు. ఆయన బటన్ నొక్కాడు. బూడిదరంగు రాతిమేడ. ఎడమ పక్కన, కింద, భీమశంకరం. పడవ ముందు భాగం మాత్రం ఆయన మోచేతి కింద నుంచి కొంచెం తొంగి చూస్తోంది.

వసుమతి పళ్ళెం కింద పెట్టింది. "అసలువి ఉన్నాయా?"

"ఏవి?"

"నేను తీసినవి."

"వాటి మీదే సేవ్ చేశా. రెండేసి కాపీలు ఎందుకు?"

"కెమెరా కార్డులో?"

"ఫోర్త్ ఆఫ్ జూలై ఫొటోలకని ఖాళీ చేశాగా. ఏం, ఇది బాలేదా? ఎడమ పక్కన అంత ఖాళీ ఉంటే నింపా."

ఆమె టీవీ దగ్గరికి నడిచింది. నూనె చెయ్యి అలాగే తెర మీద, ఆయన కోటు మీద పెట్టింది.

"అరే, స్క్రీన్ పాడవుతుంది!"

"ఇక్కడ ఒకావిడ ఉంది," అంది వసుమతి. గొంతు పెద్దది కాలేదు. "మీరు నిలబడింది ఆవిడ మీద."

గదిలో నవ్వు ఆగింది. భీమశంకరం తెర వైపు చూశాడు, నిజంగా వెతుకుతున్నట్టు. అతికించేటప్పుడు కింద ఏముందో ఆయన చూసుకోలేదు.

"ఎవరావిడ? తెలిసినావిడా?"

"కాదు."

"ఏదైనా పెద్ద... మ్యూజియం ఆవిడా? ఏం చేస్తోంది?"

"ఏమీ చెయ్యడం లేదు. అందుకే తీశాను."

"ఏమీ చెయ్యనావిడని ఫొటో తియ్యడమేమిటి వసూ," అని ఆయన నవ్వబోయాడు, యోగానంద్ గారి వైపు చూస్తూ. ఆయన మర్యాదకి సగం నవ్వి గారె తుంచుకున్నారు.

శశికళ మాత్రం నవ్వలేదు. చట్నీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, నెమ్మదిగా అడిగింది. "ఎంతసేపు కూర్చుంది?"

"నేనున్నంతసేపూ."

"ఎవరూ పిలవలేదా?"

"లేదండీ."

వసుమతి చెయ్యి కడుక్కుని వచ్చింది. అల్మరా మీదున్న కెమెరా అందుకుని మెళ్ళో వేసుకుంది. కిటికీ బయట జూలై ఎండ ఇంకా పచ్చగానే ఉంది.

"ఎక్కడికి?" అన్నాడు భీమశంకరం. "అతిథులున్నారు!"

"నది దాకా. వెలుతురుంది. మీరున్నారుగా, మిగతావి చూపించండి. అన్నిట్లో మీరే."

"వసూ, నలుగురి ముందూ..."

"నలుగురిలో ఇద్దరం తగ్గుతాంలెండి అన్నయ్యగారూ," అంటూ లేచింది శశికళ. గిన్నె భర్త చేతిలో పెట్టింది. "ఆగవే, చెప్పులేసుకుంటా." యోగానంద్ గారు ఆ గిన్నెని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చూస్తున్నట్టు, రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు.

పక్క ఊరు ఎల్జిన్ దగ్గర ఫాక్స్ నది. వసుమతి కారు గట్టు పక్కన ఆపింది. గట్టు మీద నీళ్ళకెదురుగా ఒక బల్ల ఉంది, అవతల పాత ఇటుక మిల్లు, దాని నీడ నీళ్ళలో వణుకుతోంది. హాలెండు కాదు, కాకపోతే కాకపోయింది. వసుమతి దూరంగా వెళ్ళి, గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుంది.

"నేనేం చెయ్యాలి?" అని అక్కణ్ణుంచి కేకేసింది శశికళ.

"ఏమీ చెయ్యకండి. ఊరికే కూర్చోండి."

శశికళ కూర్చుంది. చున్నీ సర్దుకుంది. సంచీలోంచి టిష్యూ తీసి బల్ల తుడిచింది. రాలిన ఆకులు ఏరి ఒక పక్కన కుప్ప పెట్టింది. ఫోను మోగితే కట్టేసి, సంచీలో పెట్టి, మళ్ళీ తీసి చూసి, మళ్ళీ పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది, అవి అక్కడ నిలవలేదు. బల్ల మీద పెట్టింది, అక్కడా నిలవలేదు. కెమెరా కంటికి ఆనించుకుని వసుమతి ఎదురుచూసింది. ఎండ మిల్లు గోడ దిగి నీళ్ళలోకి వచ్చింది.

శశికళ రెండు చేతులూ కాస్త పైకెత్తి, వాటిని ఎవరివో చూస్తున్నట్టు చూసుకుంది.

"వసూ," అంది, "వీటిని ఎక్కడ పెట్టుకోనే?"