గోప్యతకు ఇద్దరు సాక్షులు

రాజక్క లోపలికి రాగానే నేను కుర్చీ జరిపి తలుపుకు ఆనించి కూర్చున్నాను. మా దవాఖానలో కౌన్సెలింగ్ గదికి గడియ లేదు. కావాలని మూడుసార్లు రాసిచ్చాను. గడియ వల్ల రోగికి కలిగే ప్రయోజనం ఏమిటో వివరించమని పైనుంచి జవాబు వచ్చింది. అప్పటినుంచి నా బరువే గడియ.

"బిడ్డా సుభాషిణీ, నేను సోమవారం వర్ధన్నపేట పోతాన. రెండు నెలలు ఆడ్నే ఉంట," అంది రాజక్క.

రాజక్కకు యాభై రెండేళ్లు. మా మట్టెవాడలో ఎవరింట్లో పెళ్లయినా సకినాలు చుట్టడానికి ముందు ఆమెకే కబురు వెళ్తుంది. తెల్లబట్ట మీద బియ్యప్పిండిని వేళ్లతో మెలితిప్పుతూ, చేతులవైపు చూడకుండా చుట్టేస్తుంది. ఈసారి వర్ధన్నపేట చుట్టుపక్కల ఏడు పెళ్లిళ్లకు ఆమెను మాట్లాడుకున్నారు. ఉండేది చెల్లెలు మొగిలమ్మ ఇంట్లో.

రాజక్కకు టీబీ. మందులు మొదలుపెట్టి మూడు నెలలైంది. ఇప్పుడు ఆమెనుంచి ఎవరికీ అంటదని మా డాక్టరు పరీక్ష చేసి చెప్పారు. కానీ ఇంకో మూడు నెలలు గోళీలు ఒక్కరోజు కూడా తప్పకూడదు. తప్పితే జబ్బు మొండికేస్తుంది.

"టీబీ అని తెలిస్తే నాతోని సకినాలు చుట్టిస్తరా? మా చెల్లెకు గూడ తెల్వద్దు. దానికి చెప్తే వర్ధన్నపేటల మైకు పెట్టి చెప్పినట్టే. కానీ గోళీలు ఆగద్దు. ఏం జేస్తవో జెయ్యి."

ఇది చిన్న పని అనుకున్నాను. వర్ధన్నపేటలో టీబీ మందులిచ్చే నర్సు కమలక్కకు ఒక్క ఫోన్ చేస్తే చాలు. అయితే పోయిన నెలే మా ఇద్దరికీ గోప్యత గురించి ఒకరోజు శిక్షణ ఇచ్చారు. రోగి రాసిచ్చిన అంగీకారం లేకుండా ఒక ఉద్యోగి ఇంకో ఉద్యోగికి ఏ వివరమూ చెప్పకూడదు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. చదివింది చదివినట్టు చేయకపోతే నాకు అన్నం సహించదు.

"కమలక్కా, మీ దగ్గరికి ఒక పేషెంటును పంపుతాన," అన్నాను ఫోన్లో.

"పేరు చెప్పకు!"

"చెప్తలేనక్కా. మందులు జర తయారుగ పెట్టు."

"ఎవ్వలికి?"

"చెప్పద్దన్నవ్ గద."

"అవును, చెప్పకు. ఆడామెనా, మొగాయననా?"

"అది చెప్పచ్చా?"

ఇద్దరం శిక్షణలో ఇచ్చిన పుస్తకాలు తెరిచి వెతికాం. అందులో ఆ సంగతి లేదు.

"సరే, ఈడ ఏడ ఉంటరు?"

"చెల్లె ఇంట్ల. ఆ చెల్లె పేరు..."

"అగో! చెల్లె పేరు అస్సలే వద్దు. నడుమ ఆమె ఏం పాపం చేసింది? కాయితం పంపు. కాయితం వచ్చినంకనే నేను చెవులు తెరుస్త." ఫోన్ పెట్టేసింది.

కాగితాల మనిషి వెంకటేశ్వర్లు సారు. పోయిన నెలలో రిటైరయ్యారు. కొత్త క్లర్కు రాలేదు కాబట్టి రోజూ వస్తూనే ఉన్నారు. అరగంటలో 'సమాచార గోప్యత అంగీకార పత్రం' తయారుచేసి నా చేతిలో పెట్టారు. కింద ఇద్దరు సాక్షుల సంతకాలకు గీతలున్నాయి.

"సారు, దీనికి సాక్షులెందుకు?"

"సాక్షులు లేని కాయితాన్ని నేను నా సర్వీసుల చూడలేదమ్మా. ఐదేండ్ల సంది ఆమెను ఎరిగినోళ్లు కావాలె. స్టాఫ్ పనికిరారు, ఆడిట్ల ఒప్పుకోరు. వాడకట్టోళ్లను తీస్కరా."

రాజక్క ఆ కాగితాన్ని నాతో రెండుసార్లు చదివించుకుంది.

"నా ముచ్చట ఎవ్వలికి తెల్వకుంట చూస్తమని రాసిన కాయితం మీద నా వాడకట్టోళ్లు సంతకాలు పెట్టాల్నా?"

"అవును రాజక్కా."

"బిడ్డా, తలనొప్పికి గోళీ ఉంటే ఒకటియ్యి."

రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం పట్టాను. కాగితం పైభాగాన్ని పాత పేపరుతో కప్పి, నాలుగువైపులా పిన్నులు కొట్టాను. సాక్షుల గీతలు మాత్రమే బయటికి కనిపిస్తాయి. శుక్రవారం పొద్దున రాజక్కను వెంటబెట్టుకుని వాళ్ల వీధి మూలమీది కిరాణా షాపుకు వెళ్లాను. షాపాయన భానుచందర్ పెన్ను తీసి, మళ్లీ మూతపెట్టాడు.

"మేడం, పైన ఏమున్నది?"

"చెప్పకూడదన్నా."

"మరి నేను దేనికి సాక్షిని?"

"మీరు పెట్టే సంతకానికి."

ఆయన నన్ను వదిలి రాజక్కవైపు తిరిగాడు. "ఇల్లు అమ్ముతానవా అక్కా?"

రాజక్క ఒక్క క్షణం ఆలోచించింది. టీబీ కన్నా ఇల్లు అమ్మకమే నయమనిపించినట్టుంది. "గట్లనే అనుకో," అంది.

"అయితే నేను సాక్షి పెట్ట. నేనే కొంట!"

పక్కింటి సమ్మమ్మ కూడా పెట్టలేదు. "నడిమి గోడ నాదని ముందు రాసియ్యి, తర్వాత సాక్షి ముచ్చట," అని తలుపేసుకుంది. సాయంత్రానికి ఎవరో ముక్కూ ముఖం తెలియని ఇద్దరు వచ్చి, టేపుతో రాజక్క వాకిలి కొలిచిపోయారు.

శనివారం పదింటికి రాజక్క నా గదిలో కూర్చుని ఉంది. మరుసటి రోజు గడిస్తే ప్రయాణం. ఆమె చేతిలో పది రోజుల గోళీలే మిగిలాయి. సాక్షులు లేరు. "పోనియ్ బిడ్డా, గోళీలు అయిపోయినంక చూద్దాం," అంది. ఆ మాటకు నాకు భయం వేసింది. మందు ఆపేసే వాళ్లందరూ మొదట ఇలాగే అంటారు.

అంతలో తలుపు కదిలింది. కుర్చీతో సహా నేను గది మధ్యకు వచ్చాను. గుమ్మంలో మొగిలమ్మ. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, టికెట్టు ఇంకా చేతిలోనే ఉంది.

"అవ్వ కట్టిన ఇల్లు నాకు చెప్పకుంట అమ్ముతానవాయే? సిగ్గున్నదా నీకు? ఊరు ఊరంతా ఫోన్లు చేస్తాండ్లు!"

"జర మెల్లగ మాట్లాడు."

"మెల్లగ ఎందుకు? బ్యానా పైసలు గూడ మెల్లగనే తీస్కున్నవా?"

రాజక్క కళ్లు మూసుకుంది. "ఇల్లు లేదు, ఏం లేదు మొగిలీ. నాకు టీబీ ఉన్నది."

మొగిలమ్మ తలుపు దగ్గరగా వేసింది. తర్వాత అక్క పక్కన కూర్చుని గొంతు తగ్గించింది. "పరగడుపున వేస్కుంటానవా?"

"అవును."

"ఒంటికి పోతే ఎర్రగ వస్తాందా?"

"అది నీకెట్ల తెలుసు?"

మొగిలమ్మ చేతిసంచిలో అడుగుదాకా వెతికి ఒక గోళీల పట్టీ తీసి బల్ల మీద పెట్టింది. అచ్చం రాజక్క దగ్గరున్నలాంటిదే.

"నాలుగు నెలలైతాంది. నువ్వు వస్తానన్న కాంచి వీటిని బియ్యం డ్రమ్ముల దాచిన. నీకు చెప్తే మట్టెవాడల మైకు పెట్టి చెప్పినట్టేనాయె."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ముందు తిట్టుకున్నారు, తర్వాత నవ్వారు, ఆ తర్వాత కొంగులు కళ్లకు పెట్టుకున్నారు. నేను కుర్చీని మళ్లీ తలుపు దగ్గరికి లాక్కెళ్లాను. ఆ రోజు ఫోన్లో చెల్లె పేరు చెప్పి ఉంటే ఏమయ్యేదని ఆలోచించాను. మొగిలమ్మకూ తనే మందులిస్తోంది కాబట్టి కమలక్కకు అంతా అర్థమయ్యేది. కానీ నాకు చెప్పేది కాదు.

"కాయితం తే బిడ్డా. యాభై ఏండ్ల సంది ఎరుగుదు దీన్ని," అంటూ మొగిలమ్మ మొదటి గీత మీద సంతకం పెట్టింది. "ఇంకొకలెవ్వలు?"

"నేను పెడత," అని తలుపు అవతలినుంచి వినిపించింది. వెంకటేశ్వర్లు సారు.

"సారు, స్టాఫ్ పెట్టద్దన్నరు గద!"

"రిటైరైన నేను స్టాఫ్ ఎట్లైతనమ్మా? మా పెద్దబిడ్డ పెండ్లికి సకినాలు చుట్టింది రాజక్కనే. ఏడేండ్లైంది."

"మరి మా మాటలన్నీ విన్నరా?"

"గడియ లేదాయె. నేనేం జెయ్యాలె?"

సోమవారం రాజక్క బస్సెక్కింది. కాగితం అంతకుముందే వెళ్లింది. మరునాడు కమలక్క ఫోన్ చేసింది.

"కాయితం అందింది. పేషెంటు గూడ వచ్చింది."

"మంచిదక్కా. వారం వారం ఫోన్ చేస్త, రాజక్క గోళీలు వేస్కుంటాందో లేదో జర చెప్పు."

"అది చెప్పరాదు. మట్టెవాడ నుంచి వర్ధన్నపేటకు చెప్పెటందుకే ఈ కాయితం. వర్ధన్నపేట నుంచి మట్టెవాడకు చెప్పాల్నంటే ఇంకోటి కావాలె. ఇద్దరు సాక్షులు."

రెండు వారాలు నా రిజిస్టర్లో రాజక్క వరస ఖాళీగా ఉంది. రోజూ పొద్దున ఆ పేజీ తెరిచి, మూసేదాన్ని. పదిహేనో రోజున వర్ధన్నపేట బస్సు కండక్టరు ఒక స్టీలు డబ్బా ఇచ్చిపోయాడు. మీద పేరు లేదు. లోపల సకినాలు, వాటి అడుగున పేపర్లో చుట్టిన ఖాళీ గోళీ పట్టీలు. పద్నాలుగు రోజులవి, ఇద్దరు మనుషులవి.

రాజక్క వరసలో పద్నాలుగు గళ్లూ నింపాను. మిగిలిన పట్టీలు ఎవరివో నా రిజిస్టరు ప్రకారం నాకు తెలియదు. వాటిని అదే పేపర్లో మళ్లీ చుట్టి బల్ల సొరుగులో పెట్టాను. ఒక సకినం చేతిలోకి తీసుకుని, కుర్చీని తలుపుకు ఆనించి కూర్చున్నాను.