వేలు లేస్తే ఔటే

టైలరు బాబాయికి క్రికెట్టు గురించి తెలియనిది లేదు. బ్యాటు పట్టింది లేదు, బంతి మొహం చూసింది లేదు, అయినా సరే. కుట్టుమిషను పక్కన రేడియో పెట్టుకుని ఇన్నేళ్ళుగా వింటున్నాడు. వినీ వినీ తానే ఆడినంత అయిపోయాడు. ఎదురుగా స్టూలు మీద కూర్చుని కాజాలు కుట్టే పిన్ని మాత్రం ఈ పాండిత్యాన్ని ఏనాడూ ఒప్పుకోలేదు. గట్టు మీద కూర్చుని ఈత నేర్పేవాళ్ళను చాలామందిని చూశానని ఆవిడ వాదన.

అలాంటి బాబాయికి ఒకరోజు నిజంగానే శిష్యురాలు దొరికింది. అన్నగారి కూతురు. ఆ పిల్లను వీధంతా అరగజం అంటారు. తొమ్మిదేళ్ళొచ్చినా గుడ్డ కత్తిరించే బల్ల మీద గడ్డం ఆనించాలంటే మునివేళ్ళ మీద లేవాల్సిందే. ఆ పేరు పెట్టిన పుణ్యం కూడా బాబాయిదే.

సెలవులిచ్చినప్పటి నుంచి వీధి ఆటలో అరగజానికి ఒకటే ఉద్యోగం. బంతి మురిక్కాలవలో పడితే తియ్యడం. కాలవ మీద పరిచిన బండల సందులో ఆ పిల్ల చెయ్యొక్కటే దూరుతుంది మరి. బ్యాటు అడిగితే మాత్రం కెప్టెను రేపన్నాడు, ఎల్లుండన్నాడు. కెప్టెనంటే నిచ్చెన. పదమూడేళ్ళకే ద్వారబంధానికి తల తగిలేంత పొడుగైన కుర్రాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. చివరికి ఆ పిల్ల పోరు పడలేక ఒక పందెం పెట్టాడు. ఆదివారం ఒక్క ఓవరు బ్యాటింగు ఇస్తాడు. ఔటు కాకుండా నిలబడితే జట్టులో చోటు. ఔటయితే సెలవులయ్యేదాకా నోరు మూసుకుని బంతులు ఏరాలి.

"నాకు రూల్సన్నీ చెప్పు బాబాయ్," అంటూ వచ్చింది అరగజం. వెనకాలే పక్కింటి ఐదేళ్ళవాడు కూడా వచ్చాడు. వాడి అసలు పేరు వాళ్ళమ్మకు కూడా గుర్తుందో లేదో గాని, అందరూ పిలిచేది ఎందుకుగాడు అనే.

బాబాయి మిషను ఆపేశాడు. మర్నాటికి ఇవ్వాల్సిన ప్యాంట్లు పక్కకు తోసేశాడు. బల్ల మీద మూడు దారపు రీళ్ళు వరసగా నిలబెట్టి, వాటి మీద గుండుసూదులు అడ్డంగా పెట్టాడు. అవి వికెట్లు. చెక్క స్కేలు బ్యాటు. గుడ్డపీలికలు చుట్టిన ఉండ బంతి. చుట్టూ చల్లిన బొత్తాలు ఫీల్డర్లు. బంతి వెళ్ళి రీలును పడగొడితే ఔటు, కొట్టిన బంతిని నేల తాకకుండా బొత్తం పట్టుకుంటే ఔటు, పరుగు మధ్యలో ఉండగా రీలు పడినా ఔటు అని వరసగా చెప్పుకొచ్చాడు.

కొట్టినవాళ్ళు పరుగెత్తి ఎక్కడికి వెళ్తారని ఎందుకుగాడు అడిగాడు. అటు చివరకన్నాడు బాబాయి. అటు వెళ్ళి ఏం చేస్తారన్నాడు వాడు. తిరిగి ఇటు వస్తారన్నాడు. మరి మొదటే ఇక్కడే ఉంటే సరిపోయేదిగా అన్నాడు వాడు. కాజా కుడుతున్న పిన్ని సూది ఆపి మరీ నవ్వింది. ఆవిడకు కూడా ఇన్నేళ్ళుగా ఇదే అనుమానమట.

బాబాయి ఆ నవ్వు వినబడనట్టే ముందుకు పోయాడు. అసలు సంగతి ఇంకా ఉందని గొంతు సవరించుకున్నాడు.

"అన్నిటికంటే పెద్ద రూలు అంపైరు. ఆయన వేలెత్తాడా, ఔటే. తప్పో ఒప్పో, నోరెత్తకుండా బ్యాటు చంకలో పెట్టుకుని వచ్చెయ్యాలి. కత్తెర పడ్డ గుడ్డ మళ్ళీ అతుక్కుంటుందా? లేచిన వేలు కూడా అంతే, మళ్ళీ దిగదు."

అంపైరుకు కళ్ళు కనబడకపోతేనో అన్నాడు ఎందుకుగాడు. అప్పుడు కూడా వెళ్ళాల్సిందేనన్నాడు బాబాయి. కాకపోతే అవతలి కెప్టెను మనసు మంచిదైతే వెనక్కి పిలవచ్చు, రూలుంది. అలా పిలిచినవాడి సంగతి మాత్రం తన రేడియోలో ఇంతవరకూ వినలేదని చెప్పాడు. అరగజం రీళ్ళ వంకే చూస్తూ స్కేలు పట్టుకుని నిలబడింది. ఆ వారమంతా పాలగిన్నె తెమ్మన్నా స్కేలు చంకలో పెట్టుకునే తెచ్చింది.

ఆదివారం అంపైరుగా బాబాయే ఉండాలని పిల్లలంతా అన్నారు. నిచ్చెన కూడా ఒప్పుకున్నాడు, పెద్దవాళ్ళయితే పేచీ ఉండదని. బాబాయి పొంగిపోయాడు. చేతులు పొట్టి చెయ్యమని డాక్టరుగారు ఇచ్చి వెళ్ళిన తెల్లకోటు తొడుక్కుని వీధిలోకి దిగాడు. మరక పడితే ఆయన మీకు సూది వేస్తాడు చూసుకోండని పిన్ని గుమ్మంలోంచి హెచ్చరించింది.

వికెట్ల స్థానంలో బోర్లించిన బకెట్టు పెట్టారు. అరగజం దాని ముందు నిలబడింది. బ్యాటు ఆమె నడుం దాటి ఉంది. మొదటి బంతి పక్కనుంచి పోయింది. రెండోది బ్యాటుకు తగిలి ఆగింది. మూడోదీ అంతే. వీధి పిల్లలు ఎగతాళి మానేసి దగ్గరకు జరిగారు. బాబాయికి చప్పట్లు కొట్టాలని ఉంది. పైకి మాత్రం డాక్టరుగారిలా గంభీరంగా ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే ఆయన కన్ను పక్కనే నిలబడ్డ నిచ్చెన చొక్కా మీద పడింది. పై నుంచి రెండో బొత్తం ఊడిపోయి దారానికి వేలాడుతోంది. లోకం మునిగిపోతున్నా ఊడిన బొత్తాన్ని చూస్తూ ఊరుకోగలిగితే ఆయన టైలరే కాడు. అలా నిలబడమని నిచ్చెనకు సైగ చేసి, కాలరు వెనక గుచ్చుకున్న సూది తీశాడు. దారం కొస నోట్లో తడిపాడు. బెజ్జం కనబడక, సూదిని చూపుడు వేలికి ఆనించి, వెలుతురుకు చెయ్యి పైకెత్తాడు.

అవతల బంతి వచ్చింది. అరగజం కొట్టింది. బంతి నేలకు తగిలి లేచాకే ఒక ఫీల్డరు అందుకున్నాడు. అయినా అలవాటు కొద్దీ అందరూ ఔటని అరిచారు. అరిచి బాబాయి వైపు తిరిగారు. తెల్లకోటు, ఆకాశానికి లేచిన చెయ్యి, చెయ్యి చివర వేలు.

బంతి పట్టినవాడు గంతులేసేసరికి అది జారి దొర్లుకుంటూ పోయి కాలవలో పడింది. బాబాయి తల తిప్పి చూసేసరికే అరగజం బ్యాటు చంకలో పెట్టుకుని వచ్చేస్తోంది. నోరు ఎత్తలేదు.

బాబాయి లబోదిబోమన్నాడు. సూది చూపించాడు, దారం చూపించాడు, అది వేలు కాదు సూది అన్నాడు. నిచ్చెన తల అడ్డంగా ఊపాడు. లేచిన వేలు దిగదని బాబాయే చెప్పాడట కదా, ఆ మాట ఎందుకుగాడు వీధంతా చాటాడు. బాబాయి తాను తవ్వుకున్న గోతిలో తానే పడ్డాడు. చివరికి పిల్ల దగ్గరకే పోయి వెనక్కి వెళ్ళమని బతిమాలాడు.

"నువ్వే చెప్పావుగా బాబాయ్. తప్పయినా వచ్చెయ్యాలని."

అని చెప్పి దుకాణం మెట్టు మీద కూర్చుంది. తన నోటిమాటను ఇంతగా నమ్మిన మనిషి ఇంకొకరు లేరని బాబాయికి అప్పుడు తెలిసింది. సిగ్గుతో ఆయనకు ఏడుపొచ్చింది.

ఇంతలో బంతేదని ఎవరో అన్నారు. అందరూ మామూలుగానే అరగజం వైపు చూశారు. ఔటైనవాళ్ళు ఫీల్డింగు చెయ్యరని, ఓవరయ్యేదాకా తాను బ్యాటింగు జట్టేనని, తాను కదలనని ఆ పిల్ల చెప్పింది. అది కూడా రూలే. మిగతావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని కెప్టెను మొహం చూశారు. నిచ్చెన కాలవ దగ్గరకు నడిచాడు. చెయ్యి సందులో దూరలేదు. బండ జరిపి, నేల మీద బోర్లా పడుకుని, భుజం దాకా ముంచి వెతికాడు. ముక్కు మూసుకోవడానికి రెండో చెయ్యి ఖాళీ లేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పిన్ని గుమ్మంలోంచి అంది. కాలు కాదు పిన్నీ, చెయ్యి అన్నాడు ఎందుకుగాడు.

నిచ్చెన లేచేసరికి కుడి చెయ్యి భుజం దాకా నల్లగా ఉంది. ఎవరూ నవ్వే ధైర్యం చెయ్యలేదు. వాడు ఆ చేతినీ, మెట్టు మీద కూర్చున్న పిల్లనీ కాసేపు చూశాడు.

"రోజూ ఇలాగే తీశావా?"

అరగజం తలూపింది.

"అది ఔటు కాదు. వెనక్కి రా."

బాబాయి రేడియోలో ఎన్నడూ వినని మాట అది. అరగజం మళ్ళీ బకెట్టు ముందు నిలబడింది. ఇప్పుడు బాబాయి రెండు చేతులూ కోటు జేబుల్లో కుక్కుకున్నాడు. బంతి వచ్చింది. ఆ పిల్ల బ్యాటు గిర్రున తిప్పింది. బంతి కిందనుంచి పోయి బకెట్టును ధడేల్మని కొట్టింది.

ఎవరూ ఔటని అరవలేదు. బాబాయి చెయ్యి జేబులోంచి రాలేదు.

"ఎత్తు బాబాయ్. ఈసారి నిజంగానే ఔటు."

ఆ వేలెత్తడం ఆయనకు బొగ్గుల ఇస్త్రీపెట్టె ఎత్తినంత బరువైంది. అరగజం బ్యాటు నిచ్చెనకు ఇచ్చేసి తిన్నగా కాలవ వైపు వెళ్ళి, బండ పక్కన తన పాత చోట్లో నిలబడింది. మాట మాటే కదా.

"అక్కడేం పని? బౌలింగు ఎవరు చేస్తారు?" అంటూ నిచ్చెన బంతి విసిరాడు. "ఇక మీదట కొట్టినవాడే తెచ్చుకోవాలి."

ఆ రూలు మొన్న చెప్పలేదేమని ఎందుకుగాడు బాబాయి కోటు పట్టుకుని లాగాడు. నిన్నటిదాకా లేదు నాన్నా, అన్నాడు బాబాయి. అరగజం అప్పటికే బంతిని గౌనుకు తుడుచుకుంటూ పరుగు మొదలుపెట్టింది.