ఆయుధపూజ మర్నాడు

నేను ఒక సర్వర్‌ని. అంటే ఆఫీసు వివరాలన్నీ ఒంటిగా మోసే కంప్యూటర్‌ని. ఎవరో వాడి వదిలేస్తే, సెకండ్‌హ్యాండ్‌లో తెనాలిలోని ఒక చిన్న బ్లడ్ బ్యాంకుకి వచ్చాను. తొమ్మిదేళ్లు రక్తదాతల జాబితా నా కడుపులోనే ఉంది. ఫ్యాను అరిగిపోయింది. ఓపిక అంతకుముందే అయిపోయింది.

నాలోని సాఫ్ట్‌వేర్ ఎవరైనా ఊరికే తెచ్చుకోగలిగినదే. నన్ను అమర్చిన కంపెనీవాళ్లు, ఏడాదికింత అని ఇస్తే ఏ ఇబ్బంది వచ్చినా తామే చూస్తామని చెప్పి, ఫోన్ నంబరున్న కాగితం నా నుదుట అంటించి వెళ్లారు.

"ఊరికే వచ్చినదానికి మళ్లీ డబ్బులేంటండీ?" అని నవ్వారు సెక్రటరీ పానకాలరావు గారు. దాతలు రక్తం ఊరికే ఇచ్చినా పరీక్షలకీ, భద్రపరచడానికీ ఖర్చవుతుందని రోగుల బంధువులకి రోజూ విడమరిచి చెప్పేదీ ఆయనే. వింటూ కూర్చోవడం నా పని.

నిరుడు ఆయుధపూజకి నన్ను వెనకా ముందూ తుడిచి గంధం, కుంకుమ పెట్టారు. మర్నాడు పొద్దున్నే ప్రసూతి ఆసుపత్రి నుంచి ఫోన్. ఒక బాలింతకి రక్తస్రావం ఆగడం లేదు, ఓ నెగటివ్ రక్తం కావాలి. ఫ్రిజ్‌లో ఒక్క సంచీ లేదు. ఇవ్వగలిగినవాళ్ల పేర్లు నాలో ఉన్నాయి గానీ, బల్లల మీది కంప్యూటర్లకి నేను అందడం లేదు.

ల్యాబ్ టెక్నీషియన్ సునంద, ఇంటర్నెట్‌లో ఊరికే సాయం చేసేవాళ్లని అడిగింది. పాపం, మంచివాళ్లే. ఏడుగురు ఏడు రకాలుగా చెప్పారు. ఒకాయన మొత్తం తుడిచేసి మళ్లీ ఎక్కించమన్నాడు.

"అదే చేసెయ్యమ్మా!" అన్నారు పానకాలరావు గారు.

నాకు నిజంగా భయమేసింది. ఆ జాబితాకి ఇంకో నకలు లేదు.

సునందకి చెయ్యి రాలేదు. నా నుదుటి నంబరుకి ఫోన్ చేసింది. ఎత్తినామె పేరు నస్రీన్. మీకు మాతో ఒప్పందం లేదని ఆమె అంటుండగానే పానకాలరావు గారు ఫోన్ లాక్కున్నారు. "ఇవాళే రాసిస్తా తల్లీ, ముందిది చూడు."

"ఏదీ తుడవకండి. నేను లైన్లోనే ఉంటా. నిన్న దాన్నేమైనా చేశారా?"

"ఏం చెయ్యలేదండీ. పూజ చేశామంతే," అంది సునంద.

"పూజకి ముందు వైర్లు పీకారా?"

సునంద నా వెనక్కి వంగి చూసింది. పక్కపక్కన రెండు సందులు. వైరు ఉండాల్సిన దాన్లో లేదు. నస్రీన్ చెప్పినట్టు మార్చగానే పేర్లన్నీ తెర మీదికొచ్చాయి. వేమూరు నుంచి ఒక డ్రిల్లు మాస్టారు బండి మీద వచ్చి చెయ్యి చాపారు. ఆ తల్లి బతికింది.

ఈ ఏడు నా చోట కొత్త యంత్రం వచ్చింది. నన్ను మెట్ల కింద పెట్టారు. దిగులేం లేదు, బాగా అలసిపోయాను. దించే ముందు పానకాలరావు గారు నా నుదుటి కాగితాన్ని బ్లేడుతో చిరగకుండా ఊడదీసి కొత్తదానికి అంటించారు.

మొన్న ఆయుధపూజకి దాన్ని తుడవబోతూ సునంద ముందు నస్రీన్‌కి ఫోన్ చేసింది. పానకాలరావు గారు మొదటి బొట్టు ఆ కాగితానికి పెట్టారు.