పద్దెనిమిది ఇళ్ల అర్జీ

మత్తిగిరిలోని ఆ లైను ఇళ్లలో పద్దెనిమిది కుటుంబాలకు మరుగుదొడ్లు రెండే. ఫ్యాక్టరీ పనికని మదనపల్లె నుంచి వచ్చిన నాగవేణి మూడు వారాలు గడపగడపకూ తిరిగి, కృష్ణగిరి కలెక్టరాఫీసులో ఇచ్చే అర్జీ మీద సంతకాలు చేయించింది. సోమవారం కృష్ణగిరికి వస్తామని అందరూ మాటిచ్చారు. తీరా బస్టాపుకు వచ్చింది చివరి గదిలో ఉండే పూలమ్మే మునిలక్ష్మమ్మ ఒక్కతే.

పక్కింటి ప్రసాదుకు ఫోను చేస్తే, "లీవు దొరకలేదమ్మా" అన్నాడు. వెనక టీవీలో క్రికెట్ వినిపిస్తూనే ఉంది. నాగవేణికి ఒళ్లు మండిపోయింది.

ఇద్దరే వెళ్లారు. అక్కడి భాషైన అరవం బాగా వచ్చిన మునిలక్ష్మమ్మ, తనిఖీకి ఎప్పుడొస్తారో అధికారి చెప్పేదాకా బల్ల దగ్గర నుంచి కదల్లేదు.

గురువారం అధికారి వచ్చేసరికి లైనంతా బయటే ఉంది. ప్రసాదు ముందు నడిచి దారి చూపిస్తూ, "మేమంతా కలిసి పోరాడినాము సార్" అన్నాడు. నెలలోగా మరో నాలుగు మరుగుదొడ్లు కట్టాలని ఇళ్ల ఓనరుకు నోటీసిచ్చి అధికారి వెళ్లిపోయాడు.

"చూసినావా పెద్దమ్మా! ఆ పొద్దు ఒక్కరన్నా వచ్చినారా?" అని నాగవేణి పళ్లు కొరికింది.

"తిడితే మళ్లా లోపలికి దూరుకుంటారు. పని చెప్పమ్మా" అంది మునిలక్ష్మమ్మ.

నాగవేణి కోపం దిగమింగి ప్రసాదును పిలిచింది. "ఓనరు కట్టకపోతే మళ్లా కృష్ణగిరికి పోవాల. ఈసారి అందరినీ పిలుచుకొచ్చేది నువ్వేనప్పా."

అందరి ముందూ కాదనలేక ప్రసాదు తలూపాడు. నాగవేణికి నమ్మకం కుదరలేదు. అయినా షిఫ్టుకు టైమైపోతుంటే విసుక్కుంటూనే బస్సు కోసం పరుగెత్తింది.