గాజు లోపలి తడి

మా ఆవిడ నర్మద కరీంనగర్‌లో కాలేజీ లెక్చరర్. నేను జమ్మికుంట యార్డులో పత్తి కొనేవాణ్ణి. ఐదేళ్లుగా ఆమె ఒక గాజు బిళ్లతో కుస్తీ పడుతోంది, నేను చల్లారిన కూరలతో కుస్తీ పడుతున్నాను. సిలికాలో ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపి, గంజిలా గడ్డకట్టించి, ఆరబెట్టి కాల్చిన గాజు అది. దాని గుండా హైడ్రోజన్‌లోని ప్రోటాన్లు నడుస్తాయట. అవి బాగా నడిస్తే రేపు పొగ లేకుండా హైడ్రోజన్‌తోనే కరెంటు పుట్టించవచ్చు, మిగిలేది నీళ్లేనట. రామగుండం పొగగొట్టాల పక్కన కూర్చుని ఈ మాట చెబితే జనం నవ్వరా? నేనూ నవ్వాను.

తొంభై రెండు వేసవిలో హైదరాబాద్ నుంచి ఆమె గైడు, ప్రొఫెసర్ విద్యాసాగర్‌రావు వచ్చాడు. జూన్‌లోపు ఆయన సంతకం పెట్టకపోతే ఆమె పీహెచ్‌డీ గంగలో కలిసినట్టే. కిందటి శ్రావణంలో బిళ్ల గుండా ఇంత కరెంటు నడిచిందని ఆమె రాసిన అంకెను మీటర్ మీద కళ్లారా చూస్తేనే సంతకం పెడతానన్నాడు.

రోహిణి ఎండకు రోళ్లు పగులుతున్నాయి. కాలేజీ ల్యాబులో కూలర్ లేదు. ఆమే వద్దంది. తడి గాలి తగిలితే బిళ్ల మీద నీటి పొర పడుతుందట, కరెంటు ఆ పొర మీదుగా జారిపోయి మీటర్‌కు అబద్ధం చెబుతుందట. సరే, పొద్దుటి నుంచి మీటర్ అబద్ధమూ చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. ముల్లు కదలనే లేదు. నర్మద తీగలు ఊడదీసి మళ్లీ బిగిస్తోంది.

వచ్చిన చుట్టం చెమటలు కక్కుతుంటే చూస్తూ ఊరుకోవడం మా ఇంటావంటా లేదు. ఆటోలో మా ఇంటి కూలర్ తెప్పించి, నీళ్లు నింపి, కిటికీ దగ్గర పెట్టి స్విచ్ వేశాను. ఆమె నన్ను కాల్చేసేలా చూసింది. నోరు తెరిచేలోపే ముల్లు కదిలింది. మెల్లగా పైకి పాకి, ఆమె రాసిన అంకె దగ్గరే ఆగింది.

ప్రొఫెసర్ బల్ల చరిచాడు. ప్రోటాన్ నడవాలంటే గాజులో తడి ఉండాలి, వానాకాలం ఆ తడి ఉంది, ఈ ఎండల్లో లేదు, అంతే కథ అన్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు. నాకు ప్రాణం లేచివచ్చింది.

నర్మద కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఆ కరెంటు గాజు లోపల నడుస్తోందో, పైన జారుతోందో ఇంకా తేలలేదంది. అంతా పైపైనే అయితే ఐదేళ్ల పని బూడిదలో పోసిన పన్నీరే.

"సారు ఒప్పుకున్నంక నీకేం ఫికర్?" అన్నాను, కోపం ఆపుకోలేక.

"సారు ఒప్పుకున్నడు. గాజు ఒప్పుకోవాలె గద."

అప్పుడు నాకు నా వ్యాపారం గుర్తొచ్చింది. తూకం పెరగాలని నీళ్లు చల్లిన పత్తిని పైపైన తడిమి కొనేవాడు మునుగుతాడు. కొనేవాడు బస్తాలో మోచేతిదాకా చెయ్యి దూర్చి చూడాలి. కానీ అమ్మేవాడు తన బస్తాలో తానే చెయ్యి దూర్చుకోవడం నా పుట్టుకలో చూడలేదు. నా భార్య ఆ పనే చేస్తోంది.

బిళ్ల నడుమ మీటర్ తీగ అతికించిన వెండిపూతకు తగలకుండా, దాని చుట్టూ వెండి రంగుతో ఒక గీత గీసింది. ఆ గీతను ఎర్త్‌కు కలిపితే పైపైన జారే కరెంటు అటే పోతుంది, లోపలి నుంచి వచ్చిందే మీటర్‌కు చేరుతుంది. రంగు ఆరేదాకా ఆగింది, కూలర్‌ను మాత్రం ఆపలేదు.

మీటర్ స్విచ్ వేసింది. ముల్లు దిగింది. ఇంకా దిగింది. నేను తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకున్నాను. సగానికి వచ్చి ఆగింది. ఎంతసేపు చూసినా అక్కడే ఉంది.

నర్మద పాత అంకె కొట్టేసి, దానిలో సగం రాసి, ఇప్పుడు పెట్టండి సార్ అని కాగితం జరిపింది.

ఆయన పెన్ను మూత తీస్తూ అడిగాడు. "ముల్లు మొత్తం కిందికే పోతే ఏం జేస్తుంటివమ్మా?"

"తెల్వది సార్. మస్తు భయమైంది. గీత గీస్తుంటే చెయ్యి ఒక్కతీరుగ వణికింది."

ఆయన సంతకం పెట్టాడు. నేను వంగి బిళ్లను చూశాను. వెండి గీత చుట్టూతా వంకరటింకరగా ఉంది. ఐదేళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఈ మనిషికి భయమే లేదనుకున్నాను నేను.